క్లాసు లీడరును ఎవరు ఎంపిక చేస్తున్నారు?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనుక గోడకు ఆనుకుని నిలబడినవారు ముందుకు రండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, పాపను కూడా తీసుకురండి, ఫరవాలేదు.

ముందుగా ఒక ప్రశ్న. మీ ఇల్లు నగరపాలక సంస్థలో ఎన్నో నంబరు వార్డు కిందికి వస్తుందో తెలిసినవారు చేతులెత్తండి. ఈ మూల కొందరు, ఆ మూల కొందరు. సరే, దించండి. ఇప్పుడు, లోక్‌సభలో ఎంతమంది సభ్యులుంటారో తెలిసినవారు? చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. 543 అని ఎవరో గట్టిగా చెప్పారు కూడా. మనకు చిన్నప్పుడు అలా నేర్పారు, మనమూ అలాగే నేర్పుతున్నాం. ఢిల్లీలో మొదలుపెట్టి మెల్లగా కిందికి దిగుతాం. మన వీధి దాకా వచ్చేసరికి పరీక్షలు వచ్చేస్తాయి. రాజ్యసభ మీద పది మార్కుల జవాబు రాసిన పిల్లవాడికి, వీధి దీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలో తెలియదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట, దాన్నే ఈ పూటంతా అటు తిప్పి ఇటు తిప్పి చెబుతాను. పిల్లలు మాట్లాడితే ఏదో ఒకటి నిజంగా మారాలి. చిన్నదైనా సరే, నిజంగా మారాలి. అది జరగని బడిలో ప్రజాస్వామ్యం గురించి ఎంత చెప్పినా అది పరీక్ష అయిపోగానే మరిచిపోయే పాఠమే.

క్లాసు లీడరు సంగతి చూడండి. మీ బడుల్లో క్లాసు లీడరును ఎవరు ఎంపిక చేస్తున్నారు? సాధారణంగా ఏం జరుగుతుంది? జూన్‌లో బడి తెరుస్తాం. నిరుడు మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడిని లేపి, ‘ఈ ఏడాది నువ్వే లీడరువి’ అంటాం. టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం వాడి పని. దీన్నిబట్టి మిగతా పిల్లలకు ఏం అర్థమవుతుంది? నాయకుడంటే పైవాళ్లు పెట్టినవాడు, మన పేర్లు పైవాళ్లకు అందించేవాడు అని అర్థమవుతుంది. అయిదో తరగతిలో ఇది నేర్చుకున్నవాడికి తొమ్మిదో తరగతిలో ‘ప్రజలే ప్రభువులు’ అని చెబితే ఎలా నమ్ముతాడు?

అందుకని ఎన్నిక పెట్టండి. కొన్ని బడుల్లో పెడుతున్నారు, చాలా సంతోషం. నామినేషన్లు, గుర్తులు, వేలి మీద సిరా చుక్క, అన్నీ ఉంటున్నాయి. కానీ ఒక భాగాన్ని దాదాపు అందరం వదిలేస్తున్నాం. ఏజెంట్లు! అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్లు.

ఇక్కడ ఎన్నికల విధులకు వెళ్లిన మాస్టార్లు, టీచర్లు చాలామంది ఉన్నారు. ప్రిసైడింగ్ అధికారిగా, అంటే పోలింగు కేంద్రం బాధ్యులుగా, పనిచేసినవారికి నేను చెప్పనక్కరలేదు. తెల్లవారకముందే లేచి, పోలింగుకు ముందు ఏజెంట్లను కూర్చోబెట్టి, వాళ్ల ఎదుట కనీసం 50 నమూనా ఓట్లు వేయిస్తాం. లెక్క సరిపోయిందని చూపిస్తాం. ఆ ఓట్లు చెరిపేస్తాం. వీవీప్యాట్‌లో, అంటే ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే యంత్రంలో, పడిన చీటీలు తీసి, పెట్టె ఖాళీగా ఉందని చూపించి, అప్పుడు సీలు వేస్తాం. సాయంత్రం ఎన్ని ఓట్లు పోలయ్యాయో 17సి ఫారంలో రాసి ఏజెంట్లకు నకలు ఇస్తాం. ఎవరైనా ఒక ఓటరును ‘ఈయన ఆయన కాదు’ అంటే రెండు రూపాయలు కట్టించుకుని అక్కడికక్కడే విచారణ చేస్తాం. ఇంత తతంగం ఎందుకు? పిల్లలకు ఎప్పుడైనా చెప్పామా? గెలిచినవాడికి దీనితో పని లేదు, వాడు ఫలితాన్ని ఎలాగూ ఒప్పుకుంటాడు. ఇదంతా ఓడిపోయేవాడి కోసం. ఓడినవాడు కూడా ‘అవును, నేను ఓడాను’ అనగలగాలి. అందుకోసమే ప్రతి అడుగులోనూ వాడి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చూపిస్తాం.

తరగతి ఎన్నికలో కూడా ఇదే చేయండి. ప్రతి అభ్యర్థికీ ఒక ఏజెంటు. ఖాళీ డబ్బాను తిరగేసి చూపించండి. లెక్కపెట్టేటప్పుడు ఒక్కొక్క చీటీ ఎత్తి చూపించండి. మా తరగతిలో ఒకసారి ఓడిపోయిన పిల్లవాడు ‘లెక్క తప్పు టీచర్’ అని ఏడ్చాడు. నేను నోరు తెరవకముందే వాడి ఏజెంటు, వాడి ప్రాణస్నేహితుడు, లేచి ‘కాదురా, నేను పక్కనే ఉండి చూశాను, సరిగ్గానే ఉంది’ అన్నాడు. నేను పది రోజులు చెప్పినా అంత బాగా చెప్పలేను. స్నేహితుడి మీద ప్రేమ ఒకటి, లెక్క మరొకటి అని ఆ పిల్లవాడికి తెలిసింది. పెద్దవాళ్లలో ఎంతమందికి తెలుసు?

సరే, లీడరు గెలిచాడు. తర్వాత? ఇక్కడే మనం పిల్లలను మోసం చేస్తాం. గెలిచిన లీడరుకు బ్యాడ్జి ఇస్తాం, నిర్ణయాలన్నీ మనమే తీసుకుంటాం. ఉత్తుత్తి అధికారం ఇస్తే పిల్లలు వారం తిరగకముందే కనిపెడతారు. కొన్ని నిజమైన నిర్ణయాలు వాళ్లకు వదలండి. ఎవరు ఏ బెంచీలో ఎన్నాళ్లు కూర్చోవాలి, ఆటల పీరియడ్లో బంతి ఎవరికి ముందు, తరగతి గ్రంథాలయానికి వచ్చిన కొద్ది డబ్బుతో ఏ పుస్తకాలు కొనాలి. పదవీకాలం మూడు నెలలు చాలు. శనివారం ఆఖరి పీరియడ్లో ఓడినవాళ్లు లేచి ప్రశ్నలు అడగాలి, లీడరు జవాబు చెప్పాలి. ఆడపిల్లలకు ఆటస్థలం ఎందుకు దొరకలేదు? వెనక బెంచీవాళ్లు ఇంకా వెనకే ఎందుకున్నారు? జవాబు చెప్పలేక లీడరు నీళ్లు నమిలితే నమలనివ్వండి. మధ్యలో దూరి కాపాడకండి.

‘పిల్లలకు ఇవన్నీ చేతనవుతాయా?’ అంటారు. రాజస్థాన్‌లో తిలోనియా అనే ఊరుంది. పగలు మేకలు, పశువులు కాసుకునే పిల్లల కోసం అక్కడ రాత్రి బడులు నడిచేవి. 1993లో ఆ పిల్లలు ఒక పార్లమెంటును ఎన్నుకోవడం మొదలుపెట్టారు. అందులో మంత్రులుండేవారు. బడి సరిగ్గా జరుగుతోందా, దీపాలు వెలుగుతున్నాయా, టీచరు వస్తున్నారా అని వాళ్లు చూసేవారు, లోపాలుంటే చెప్పేవారు. చెప్తే పెద్దలు వినేవారు. మేకలు కాసే పిల్లలు చేయగలిగింది మన పిల్లలు చేయలేరా?

ఇంకో పాఠం చెబుతాను, దీనికి పుస్తకం కూడా అక్కరలేదు. పిల్లలను వాళ్ల నానమ్మ, అమ్మమ్మ, వీలైతే వాళ్ల పైతరం ఆడవాళ్ల పేర్లు కనుక్కుని రమ్మనండి. మరునాడు అడగండి. నానమ్మ పేరు చాలామంది చెబుతారు. ఆ పైతరానికి వెళ్లేసరికి తాతగారి నాన్న పేరు వస్తుంది, ఆయన భార్య పేరు రాదు. ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. అప్పుడు చెప్పండి. 1951-52లో దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు. ఓటర్ల జాబితా రాయడానికి ఇంటింటికీ వెళితే, లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావాడి తల్లిని అన్నారు. సొంత పేరు లేకుండా జాబితాలో ఉంచడానికి అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. పేరు చెప్పడానికి గడువు ఇచ్చారు. అయినా దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి పోయాయి. అంతమంది ఓటు వేయలేకపోయారు. కారణం పేరు చెప్పకపోవడం! ఈ మాట విన్న ఆడపిల్లల ముఖాలు చూడండి. ఆ తర్వాత వాళ్లకు ఓటరు కార్డు గురించి విడిగా చెప్పనక్కరలేదు.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి చెప్పకుండా ఉండలేను. రాజమండ్రి అమ్మాయి. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడ ఖాదీ ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపకూడదని నిబంధన. ద్వారం దగ్గర వాలంటీరుగా పద్నాలుగేళ్ల దుర్గాబాయి ఉన్నారు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టిక్కెట్టు లేదు. ఆ అమ్మాయి పంపలేదు. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు తెచ్చి ఇస్తేనే పంపింది. నెహ్రూ కోపగించుకోలేదు, మెచ్చుకున్నారు. ఇందులో పిల్లలకు దుర్గాబాయి గొప్పతనం ఒక్కటే చెప్పి ఆపకండి. ఆగి టిక్కెట్టుతో లోపలికి వెళ్లిన మనిషి గురించి కూడా చెప్పండి. నిబంధన నిలవాలంటే ఇద్దరూ కావాలి, ఆపేవాళ్లూ కావాలి, ఆగేవాళ్లూ కావాలి. ఆ అమ్మాయే పెద్దయ్యాక రాజ్యాంగ సభలో సభ్యురాలై మన రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్నారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. విశాఖలో పౌరశాస్త్రం చెప్పడానికి మన కుళాయి చాలు. పిల్లలను అడగండి, ఈ నీళ్లు ఎక్కడివి? ‘ట్యాంకులోవి’ అంటారు. ట్యాంకులోకి ఎక్కడివి? అలా అడుగుతూ పోతే ముడసర్లోవ జలాశయం వస్తుంది, మేఘాద్రిగెడ్డ వస్తుంది, గోస్తనీ మీద తాటిపూడి వస్తుంది, ఏలేరు కాలువ వస్తుంది, రైవాడ జలాశయం వస్తుంది. పటం మీద గీతలు గీయించండి. అప్పుడు అసలు ప్రశ్న అడగండి. రైవాడ నీళ్లు పొలాలకు కావాలని అక్కడి రైతులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. ఈ ఊళ్లో తాగడానికీ కావాలి, పరిశ్రమలకూ కావాలి. నీళ్లు ఎవరివి?

తరగతిని మూడు జట్లు చేయండి. ఒక జట్టు రైతులు, ఒక జట్టు నగరవాసులు, ఒక జట్టు ఫ్యాక్టరీవాళ్లు. వాదించుకోనివ్వండి. గంటసేపు గొడవ పడతారు. తర్వాత జట్లు మార్చండి. ఇందాక రైతు అయినవాడు ఇప్పుడు ఫ్యాక్టరీ. అందరూ న్యాయమే అడుగుతున్నప్పుడు నిర్ణయం తీసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. ప్రభుత్వం అంటే ఏమిటని పుస్తకంలో ఒక పేరా ఉంటుంది. ఆ పేరా ఈ గొడవ తర్వాత చదివించండి, ముందు కాదు.

వార్డుల గురించి కూడా ఒక మాట. మన నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికలు జరిగాయి. 2012 ఫిబ్రవరిలో పాలకవర్గం గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు ఎప్పుడు జరిగాయి? 2021 మార్చిలో, 98 వార్డులకు. మధ్యలో తొమ్మిదేళ్లు ఈ మహానగరానికి ఎన్నికైన కార్పొరేటరు ఒక్కరూ లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, ఊళ్లో చెట్టు మిగలనప్పుడు, మన వార్డు తరఫున గట్టిగా అడగడానికి మనం ఎన్నుకున్న మనిషి లేడు. అప్పటి అధికారులు, సిబ్బంది రాత్రింబవళ్లు పనిచేశారు, కాదనను, మనం కళ్లారా చూశాం. కానీ గడువు ముగియకముందే ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలో 243యు అధికరణం చెబుతోంది. పట్టణ పాలక సంస్థల కోసం రాజ్యాంగానికి 74వ సవరణ వచ్చింది ఇందుకే. మరి ఎందుకు జరగలేదని పిల్లలు అడుగుతారు. అడగాలి. చుట్టుపక్కల పట్టణాల విలీనాలు, వార్డుల పునర్విభజన, కోర్టు కేసులు, ప్రభుత్వాల అనాసక్తి, ఉన్నవన్నీ చెప్పండి. పిల్లల ముందు దేశాన్ని తప్పులేనిదిగా చూపించాల్సిన పని లేదు. రాసుకున్నదానికీ జరుగుతున్నదానికీ మధ్య దూరం చూపించండి. ఆ దూరం తగ్గించాల్సినవాళ్లు వాళ్లే కదా!

మంచి పౌరుడు అంటే ఎవరు? ఏ బడిలో అడిగినా చెత్త బుట్టలో వేసేవాడు, క్యూలో నిలబడేవాడు, పెద్దల మాట వినేవాడు అంటారు. మంచివే. కానీ 51ఎ అధికరణం తీసి చూడండి. ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం, జిజ్ఞాస, సంస్కరణాభిలాష పెంపొందించుకోవడం ఒక విధి. జిజ్ఞాస అంటే అడగడమే. అడగడం మన రాజ్యాంగంలో విధిగా రాసి ఉంది! ఆర్కే బీచ్‌లో చెత్త ఏరడానికి పిల్లలను తీసుకెళుతున్నాం, ఫొటోలు తీస్తున్నాం. తప్పకుండా తీసుకెళ్లండి. ఏరాక అదే ఇసుకలో కూర్చోబెట్టి, ఈ కవర్లు ఏ గెడ్డలోంచి, అంటే ఏ వాగులోంచి, సముద్రంలోకి వచ్చాయో ఆలోచించమనండి. ఆ గెడ్డ ఎక్కడ మొదలవుతుంది, ఏ వార్డుల మీదుగా వస్తుంది? ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కొన్నిటిని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు కదా, అవి ఇంకా ఎక్కడ అమ్ముతున్నారు?

విహారయాత్ర అనగానే బొర్రా గుహలకు తీసుకెళతాం. కిరండూల్ రైలు ఎక్కుతాం, సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు, గుహల్లో రంగు దీపాలు చూస్తారు, వచ్చేస్తారు. ఆ గుహల చుట్టూ ఉన్న పల్లెల నుంచి ఒక వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని ఎంతమంది పిల్లలకు చెప్పాం? అక్కడి గిరిజన భూముల్లో గనుల తవ్వకానికి ప్రైవేటు సంస్థలకు లీజులు ఇచ్చారు. గిరిజనుల పక్షాన సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997లో తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం ప్రకారం గుర్తించిన ప్రాంతంలో, భూమిని, అది ప్రభుత్వ భూమి అయినా, గిరిజనేతరులకు, ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకు ఇవ్వడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. ‘సమత తీర్పు’ అని దేశమంతా చదువుకుంటారు. న్యాయవ్యవస్థ పాఠాన్ని ఆ రైల్లో చెప్పండి. తిరుగు ప్రయాణంలో చెప్పండి, వెళ్లేటప్పుడు వినరు.

ఇక అర్జీ. పదో తరగతి పూర్తయ్యేలోపు ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఒక నిజమైన అర్జీ రాయాలి. తెలుగు పరీక్షలో మార్కుల కోసం రాసే లేఖ కాదు, పంపేది. మా పిల్లలు ఒకసారి బడి గేటు ముందు విరిగిపోయిన కాలువ పలక గురించి వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చారు. జవాబు రాలేదు. మళ్లీ ఇచ్చారు, ఈసారి రసీదు అడిగి తీసుకున్నారు, తేదీ రాసుకున్నారు. చివరికి ఒక ఇంజినీరు గారు వచ్చి, ఆ రోడ్డు తమది కాదని, వేరే శాఖదని ఓపికగా వివరించారు. పిల్లలు డీలా పడలేదు. ఆ రోజే బోర్డు మీద మన బడి చుట్టూ ఉన్న రోడ్డు ఎవరిది, కాలువ ఎవరిది, స్తంభం ఎవరిది, నీటి గొట్టం ఎవరిది అని పట్టిక వేసుకున్నారు. ప్రభుత్వం అంటే ఒక్క మనిషి కాదు, ఒక్క ఆఫీసు కాదు అని ఆ పట్టికతో వాళ్లకు తెలిసింది. మూడో అర్జీ సరైన చోటికి వెళ్లింది, పలక మారింది. కొత్త పలక మీద నుంచి నడవడానికి పిల్లలు ఎలా పోటీపడ్డారో మీరు చూసి ఉండాల్సింది.

సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. సాధారణంగా ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగడానికి కనీస వయసు అని చట్టంలో ఎక్కడా రాయలేదు. 2012లో లక్నోలో ఒక బడిపిల్ల, పదేళ్ల పిల్ల, గాంధీగారికి జాతిపిత అనే బిరుదు ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో ఇచ్చారని ప్రధానమంత్రి కార్యాలయాన్ని అడిగింది. ఆ ప్రశ్న కార్యాలయం నుంచి కార్యాలయానికి తిరిగింది. అలాంటి ఉత్తర్వు రికార్డుల్లో లేదని తేలింది. మనమెవరమూ అడగని ప్రశ్న అది!

‘పిల్లలం, మేం పన్ను కట్టం కదా, మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు’ అని కొందరు పిల్లలు అంటారు. బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూడమనండి. ‘అన్ని పన్నులు కలిపి’ అని ధర పక్కనే ఉంటుంది. అయిదు రూపాయల ప్యాకెట్ కొన్న పిల్లవాడు కూడా పన్ను కట్టినట్టే. ఇది తెలిసిన రోజు పిల్లల నడకే మారుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ‘పిల్లలకు రాజకీయాలెందుకండీ’ అని మీరు నన్ను చాలాసార్లు అడిగారు. మీ భయం నాకు తెలుసు, అది నిజమైన భయమే. బడిలో ఏ పార్టీ మాటా రాకూడదు. టీచరు ఏ పార్టీ అభిమానో పిల్లలకు తెలియకూడదు. ‘మీరు ఎవరికి ఓటు వేశారు టీచర్’ అని అడిగితే నేను చెప్పేదాన్ని కాదు. ఎందుకు చెప్పనో మాత్రం చెప్పేదాన్ని. ఓటు రహస్యంగా ఉండబట్టే కూలివాడు యజమానికి భయపడకుండా ఓటు వేయగలుగుతున్నాడు అని చెప్పేదాన్ని. ఇంట్లో మాత్రం మాట్లాడండి. భార్యాభర్తలు చెరొకరికి ఓటు వేసి కూడా ఒకే కంచం దగ్గర కూర్చోగలరని పిల్లలు ఇంట్లోనే చూడాలి, ఇంకెక్కడ చూస్తారు? ఇంకొకటి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ కమిటీ సమావేశానికి మీరు వెళ్లి సంతకం పెట్టి వచ్చేస్తుంటే, మీ పిల్లలు అదే నేర్చుకుంటారు. వెళ్లండి, ఖర్చుల పుస్తకం తెరిపించండి, చదవండి.

నేను చెప్పాల్సినవి ఇవే. వార్డుల పటాలు ఆ బల్ల మీద ఉన్నాయి. ముందు మీ బడి ఏ వార్డులో ఉందో గుర్తు పెట్టుకోండి, తీసుకెళ్లి తరగతి గోడకు అంటించండి. ఆ వెనుక వరుసలో మాస్టారు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, ఏజెంట్ల గురించి అనుకుంటాను. లేవండి మాస్టారూ, అడగండి.